చిన్న అడుగుల పంకా

ఆ ఏడు కాలువలకు నీళ్ళు వదిలిన తొమ్మిదో రోజున మా పడవ మోటారుకు పంకా విరిగింది. 1946, జూన్ నెల. వేసవిలో బందరు కాలువ గట్లకు రాళ్ళు పరిచినవాళ్ళు మిగిలిన రాళ్ళు కొన్ని కాలువలోనే వదిలేసి పోయారు. నీళ్ళు నిండాక ఏ రాయి ఎక్కడుందో ఎవరికి తెలుస్తుంది? పటమట దాటి రెండు మైళ్ళు పోయామో లేదో, అడుగున టంగుమని మోత. ఆ వెంటనే మోటారు ఒళ్ళంతా ఊగిపోతూ అరవడం మొదలుపెట్టింది. ఆపి, నీళ్ళలోంచి పైకెత్తి చూశాను. మూడు రెక్కల్లో ఒకటి మొదలంటా ఎగిరిపోయింది. రెండోది చెవి మెలిపెట్టినట్టు వంగిపోయింది.

నేను అప్పుడు మిషను ఆసుపత్రిలో నర్సుని. కాలువ వెంట ఉన్న పల్లెల్లో పురుళ్ళు పొయ్యడం నా పని. సీమకు వెళ్ళిపోతూ ఒక దొరసాని ఆసుపత్రికి ఇచ్చిపోయిన పడవ అది, దాని వెనక తగిలించిన మోటారు పదిహేనేళ్ళ పాతది. తాడు చుట్టి లాగితే మూడోసారికో నాలుగోసారికో అందుకునేది. నడిపే మనిషి మానేశాక నేనే నడపడం నేర్చుకున్నాను. మా మామగారు మరియదాసు ముందు కూర్చునేవారు. ఆయన నలభై ఏళ్ళు బెజవాడకీ బందరుకీ మధ్య గెడ వేసి ధాన్యం పడవలు నడిపిన మనిషి. మోటారంటే ఆయనకు గిట్టదు. మోటారు ఎక్కడ ఆగిపోయినా సంబరంగా లేచి గెడ అందుకునేవారు.

ఆ రోజూ అంతే. "చూశావా అమ్మాయ్, గెడ ఏనాడన్నా ఇట్టా విరిగిందా?" అంటూ రెండు మైళ్ళూ ఎదురు నీట్లో పడవని ఇంటికి తెచ్చారు.

ఇంట్లో మా ఆయన ఉన్నాడు. అంతోని మూడేళ్ళు బర్మా వైపు మిలిటరీ లాంచీల మీద మెకానిక్కుగా చేసి, ఏప్రిల్లో ఇంటికొచ్చాడు. వచ్చినప్పటినుంచీ చేతికి పనిలేక గోడలకేసి చూస్తూ కూర్చునేవాడు. మద్రాసు హార్బరులో లాంచీ మీద పని ఉంది, రమ్మని ఒక స్నేహితుడు రెండు ఉత్తరాలు రాశాడు. రెండూ కిటికీలోనే ఉండేవి. వెళ్తానని ఆయన అనేవాడు కాదు, వెళ్ళొద్దని నేనూ అనేదాన్ని కాదు. మూడేళ్ళు ఒంటరిగా ఉన్నదాన్ని, వెళ్ళమని మాత్రం ఎట్లా అంటాను?

విరిగిన పంకా చూడగానే ఆయన మొహంలోకి ప్రాణం వచ్చింది. గట్టు మీద గోతం పరిచి మోటారు దించాడు. పంకాని ఇరుసుకి పట్టి ఉంచే పిన్ను బయటికి లాగి, అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఈ మేకు ఎవరు కొట్టారు?"

అది ఎద్దుల నాడాకి కొట్టే ఇనప మేకు.

"ఇక్కడ మెత్తటి ఇత్తడి పిన్నే ఉండాలి. రాయి తగిలిందనుకో, ముందు పిన్ను తెగి పంకా బతుకుతుంది. ఇనుము తెగదు. అందుకని రెక్క పోయింది. ఏ బుద్ధిలేనోడు కొట్టాడిది?"

వారం కిందట పిన్ను తెగితే "నేను చూస్తాలే" అని సర్దింది మామగారే. ఆయన ఇటు తిరక్కుండా అవతలి గట్టు మీద కొంగని చూస్తూ నిలబడ్డారు. ఆ కొంగలో అంత చూడాల్సిందేమీ లేదు.

"నేనే కొట్టానండీ. తొందరలో," అన్నాను.

అంతోని నావైపు చూశాడు, తండ్రి వీపువైపు చూశాడు, మేకు జేబులో వేసుకున్నాడు. "సర్లే, రేపు రత్తయ్య కొట్టుకి పోదాం," అన్నాడు.

*

యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు అమ్మేసిన సామానంతా బెజవాడలో గుట్టలు గుట్టలుగా దిగింది. గవర్నరుపేటలో రత్తయ్య కొట్టుకు వెళ్తే బూట్లు, గుడారాలు, టెలిఫోను తీగలు, ఒక విమానం కుర్చీ కూడా ఉండేవి. ఆ కుర్చీలోనే రత్తయ్య కూర్చునేవాడు. విరిగిన పంకా తువ్వాల్లో చుట్టి తీసుకెళ్ళాం. మామగారు రానంటూనే వచ్చారు.

"పంకాలా? కావలసినన్ని! ఇంట్లోకా, పడవకా?" అన్నాడు రత్తయ్య. పడవకే అంటే వెనక్కి వెళ్ళి ఒక డొక్కు పెట్టె ఈడ్చుకొచ్చాడు.

అంతోని ఇరుసు బొక్కకి సరిపోయేవి ఏరితే మూడు తేలాయి. ఒకటి సత్తుది, రెండు రెక్కలు, కొత్త గిన్నెలా తళతళలాడుతోంది. రెండోది ఇత్తడిది, మూడు రెక్కలు, మా పాతదానికంటే బెత్తెడు పెద్దది. మూడోది కంచుది, మూడు రెక్కలే గాని చిన్నది, నల్లగా కమిలిపోయి, ఒక రెక్క అంచు ఎలుక కొరికినట్టుంది.

మామగారు పెద్ద ఇత్తడిది రెండు చేతులా ఎత్తి, "ఇదిరా వస్తువంటే! బరువు చూడు," అన్నారు.

"బరువుని బట్టి కొనడానికి ఇది గంగాళం కాదు నాన్నా. ఆ మోటారు దాన్ని తిప్పలేక చస్తుంది." అంతోని సత్తుది తీసి నా చేతికిచ్చాడు. "రెక్క వాలు చూడు మార్తా. మరమేకు చెక్కలోకి దిగినట్టు పంకా నీళ్ళలోకి దిగుతుంది. వాలు ఎక్కువుంటే ఒక్క చుట్టుకి ఎక్కువ దూరం పోతుంది. బర్మాలో కల్నలుగారి పడవకి ఇట్టాంటిదే ఉండేది. ఎగిరిపోయేది."

"దీనికి వాలు తక్కువుందే?" అన్నాను కంచుది చూపించి.

"అందుకే పెట్టె అడుగున పడి ఉంది," అన్నాడు రత్తయ్య.

నాకు కంచుదాని మీదే మనసు పోయింది. కారణం అడిగితే చెప్పలేను. మా పాతదాని విరగని రెక్క పక్కన పెడితే రెండిటి వాలూ ఒకే వరసలో ఉన్నట్టు కళ్ళకు కనిపించింది, అంతే. కాని లాంచీల మీద మూడేళ్ళు పనిచేసి వచ్చిన మనిషికి నేనేం చెప్తాను? పైగా ఏప్రిల్ తర్వాత ఆయన అంత హుషారుగా మాట్లాడటం అదే మొదలు. నోరు మూసుకున్నాను.

"గీత పడకుండా తెస్తే మార్చిస్తా," అన్నాడు రత్తయ్య. సత్తు పంకా తువ్వాల్లో చుట్టుకుని ఇంటికొచ్చాం.

*

మర్నాడు పొద్దున సత్తు పంకా బిగించి, మేమిద్దరమే ఖాళీ పడవలో దిగువకు పోయాం. నిజంగానే ఎగిరిపోయింది. గట్టు మీద బట్టలుతుకుతున్న ఆడవాళ్ళు చేతులాపి చూశారు. నా కొంగు జెండాలా ఎగిరింది. అంతోని వెనక నుంచి "ఎట్టా ఉంది?" అని అరిచాడు. బాగుందని అరిచాను. బాగుంది మరి.

తిరిగి పైకి వస్తుంటే జోరు కొంచెం తగ్గింది. ఎదురు నీరు కదా అనుకున్నాం. రేవులో మామగారు గట్టు మీద కూర్చుని ఉన్నారు.

"ఖాళీ పడవని నేనూ ఉరికిస్తా. మనుషుల్ని ఎక్కించి చూడు," అన్నారు.

"మనుషులెక్కడున్నారు నాన్నా?"

"ఇసక ఉందిగా."

ఆరు గోతాల్లో తడి ఇసక నింపి పడవలో వేశాం. మామగారు ఏడో గోతంలా తానూ ఎక్కి కూర్చున్నారు. ఈసారి ఎదురు నీట్లోకే బయల్దేరాం. మోటారు అందుకుంది, దగ్గింది, నల్లటి పొగ కక్కింది. దాని అరుపు లావుగా, నీరసంగా మారిపోయింది. గట్టు మీద ఒక తాటిచెట్టుకి ఎదురుగా పడవ నిలబడిపోయింది. వెనక నీళ్ళు నురుగెత్తుతున్నాయి గాని, తాటిచెట్టు మాత్రం మా ఎదురుగానే ఉంది. అంతోని లివరు పూర్తిగా తోశాడు. తాటిచెట్టు నెమ్మదిగా మాకంటే ముందుకు పోసాగింది.

"వెనక్కి పోతన్నావురా అబ్బాయ్," అన్నారు మామగారు ఎంతో మర్యాదగా.

అంతోని మోటారు ఆపేశాడు. ఆసుపత్రికి నెలకు వచ్చే పెట్రోలు కూపన్లు కొద్దివే. డబ్బాలో చెయ్యి మునిగేంత కూడా లేదు. ఆయన మొహం చూస్తే నాకు కిటికీలో ఉన్న ఉత్తరాలే గుర్తొచ్చాయి.

పడవ రేవు దాటి దిగువకు కొట్టుకుపోతుంటే మామగారు లేచి గెడ అందుకున్నారు. నెమ్మదిగా, గోతాల పక్కనుంచి అంచు మీద వెనక్కి నడుస్తూ పడవని తోస్తున్నారు. వారం వారం చూసే పనే. ఆ రోజెందుకో ఆయన పాదాల వైపు చూశాను. పాదం వెంట పాదం, జానెడు దూరంలోనే పెడుతున్నారు.

"మామగారూ, మొన్న ఖాళీ పడవ తోసినప్పుడు పెద్ద పెద్ద అంగలేశారు గదా, ఇప్పుడెందుకు ఇట్లా?"

"బరువున్నప్పుడు అంగలేస్తే గెడ జారుద్ది, నడుం విరుగుద్ది. బరువుకి చిన్న అడుగులే ఎయ్యాలమ్మా. ఎన్నెక్కువేస్తే అంత మంచిది. ఇది కూడా తెలవదా?"

అంతోని వైపు తిరిగాను. "ఏమండీ, వాలు తక్కువున్న పంకా ఒక్కో చుట్టుకి తక్కువ దూరం పోతుందన్నారు కదా. అంటే చిన్న అడుగేనా?"

తండ్రి కాళ్ళు చూస్తూ కూర్చున్నాడు. ఆ కాళ్ళు అటు నడిచి, ఇటు వచ్చి, మళ్ళీ నడిచాయి. రేవు దగ్గరపడ్డాక లేచి సత్తు పంకా విప్పడం మొదలుపెట్టాడు.

"ఆ కంచుదాన్ని ఎవరన్నా కొనుక్కుపోయి ఉంటారా?" అన్నాడు.

"ఎవరు కొంటారండీ? ఎలుక కొరికిందాన్ని," అన్నాను.

*

కంచు పంకా అంచు ఆకురాయితో రుద్ది నున్న చెయ్యడానికి ఆయనకు రెండు రోజులు పట్టింది. ఒక రెక్క తగ్గితే మిగతా రెండూ తగ్గించాలి, లేకపోతే మోటారు ఊగుతుంది. మధ్యలో పుల్ల గుచ్చి నిలబెట్టి, ఏ రెక్క కిందికి దిగుతుందో చూసి దాన్ని రుద్దేవాడు. మామగారు ఒకసారి వచ్చి, "ఇటు రెక్క ఇంకా బరువుందిరా," అని చెప్పి వెళ్ళిపోయారు. రుద్ది చూస్తే నిజమే. నాలుగు ఇత్తడి పిన్నులు కూడా తయారుచేసి, రెండు నా నర్సు పెట్టెలో పెట్టాడు.

ఆరు గోతాల ఇసకతో, మామగారితో సహా, కంచు పంకా ఆ తాటిచెట్టుని దాటింది. జోరేమీ లేదు. గట్టు మీద నడిచి వెళ్తున్న ముసలాయన మాతో కబుర్లు చెప్తూ అర మైలు పక్కనే వచ్చాడు. అయినా మోటారు గొంతు తేలిగ్గా, ఒకే తీరుగా పలికింది. పొగ లేదు.

"ఇంతేనా దీని జోరు?" అన్నారు మామగారు.

"ఇంతే," అన్నాడు అంతోని.

జులై అంతా అలా గడిచింది. సోమవారం, గురువారం పల్లెలకు వెళ్ళేవాళ్ళం. మోటారు దగ్గర ఆయన, మధ్యలో నేను, ముందు మామగారు. తండ్రీ కొడుకులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలంటే నాతో చెప్పేవాళ్ళు. "ముందు రాయి ఉందని చెప్పమ్మా వాడికి." "కనిపించిందని చెప్పు మార్తా." మూడు బారల పడవలో ఈ కబురు మోసే పని నాది. ఎట్లాగైతేనేం, తగాదా అయితే లేదు.

*

ఆగస్టు రెండో వారంలో ముసురు పట్టింది. అయిదు రోజులు ఎడతెగని వాన. నల్లరేగడి దారుల్లో బండి చక్రం ఇరుసుదాకా దిగబడేది. ఆరో రోజు వాన తెరిపిచ్చాక, సాలిపేట నుంచి ఒక మనిషి ఈదుకొచ్చినట్టే వచ్చాడు. సాలిపేట కాలువకు దిగువన పది మైళ్ళ దూరంలో ఉన్న మగ్గాల పల్లె. అక్కడ చౌడేశ్వరమ్మ అనే ఆవిడ కోడలు శివపార్వతికి తెల్లవారకముందే నొప్పులొచ్చాయట.

దిగువకు గంటన్నరలో పోయాం. మగ్గం పక్కన చాప మీద శివపార్వతి పడుకుని ఉంది. పంతొమ్మిదేళ్ళుంటాయి. చెయ్యి పెట్టి చూశాను, మళ్ళీ చూశాను. బిడ్డ అడ్డం తిరిగి ఉంది. తిప్పడానికి ప్రయత్నించాను గాని కదల్లేదు.

బయటికొచ్చి చౌడేశ్వరమ్మతో చెప్పాను. "పెద్దమ్మా, ఇది నా చేతుల్లో అయ్యే పురుడు కాదు. డాక్టరమ్మగారి దగ్గరికి బెజవాడ తీసుకుపోవాలి. ఇప్పుడే."

"ఇప్పుడా? బండి ఎట్టా పోద్ది నర్సమ్మగారూ?"

"బండి కాదు, పడవ."

ఆవిడ కాలువ వైపు చూసింది. గట్లు ఒరుసుకుని ఎర్రటి నీళ్ళు పోతున్నాయి. ఆ ఎదురు నీట్లో పది మైళ్ళు. తర్వాత మా ఆయన్ని చూసింది. "పోద్దా నాయనా?" అంది.

అంతోని మోటారు వైపు ఒకసారి చూశాడు. "నెమ్మదిగా పోద్దమ్మా. కాని పోద్ది," అన్నాడు.

శివపార్వతిని నులకమంచంతో సహా పడవలోకి దించాం. చౌడేశ్వరమ్మ ఒక్కతే వస్తే చాలన్నాను. ఆవిడ వచ్చింది. ఆవిడతో పరుపుచుట్ట, బిందె, కుంపటి, బియ్యం మూట, ఆడబిడ్డ, ఆడబిడ్డ భర్త కూడా వచ్చారు. పడవ అంచుకీ నీళ్ళకీ మధ్య జానెడు మిగిలింది. దింపుదామంటే ఒక్కళ్ళూ దిగరు. "ఇసక గోతాలనుకో," అన్నారు మామగారు. మధ్యలో నాకు చెప్పకుండా ఆ మాట కొడుకుతో నేరుగానే అన్నారు.

మోటారు రెండోసారికే అందుకుంది. నేను శివపార్వతి తల దగ్గర కూర్చుని నొప్పి నొప్పికీ మధ్య మాట్లాడిస్తూ ఉన్నాను. ఏ రంగు చీర నేస్తున్నావని అడిగితే, మిరపపండు రంగు, పసుపు అంచు అని చెప్పింది. అంచు ఎంత వెడల్పని అడిగితే వేళ్ళతో చూపించింది. గట్టు మీద చెట్లు ఒకటొకటిగా వెనక్కి పోతున్నాయి. ఏ ఒక్కటీ తొందరపడలేదు.

దారిలో పడవల్ని పై మట్టానికి ఎక్కించే లాకు ఒకటి ఉంది. దాని తలుపుల పక్కనుంచి నీళ్ళు దూకి, కాలువ అక్కడ సన్నబడి సుడులు తిరుగుతుంది. ఆ సుడుల్లోకి వచ్చేసరికి పడవ ఆగిపోయింది. మోటారు అదే గొంతుతో పలుకుతూనే ఉంది. పొగ లేదు, దగ్గు లేదు. కాని ముందుకు కదలడం లేదు. చౌడేశ్వరమ్మ ఊళ్ళో దేవతలందరినీ పేరుపేరునా పిలవడం మొదలుపెట్టింది. ఆడబిడ్డ భర్త కళ్ళు మూసుకున్నాడు. శివపార్వతి నా మణికట్టు పట్టుకున్న పట్టుకి నా గాజులు రెండు పగిలాయి.

మామగారు లేచి గెడ దించారు. సామాను మధ్య నడవడానికి చోటు లేదు. బియ్యం మూట మీద ఒక కాలు, అంచు మీద ఒక కాలు.

"నాన్నా!" అని వెనకనుంచి అరిచాడు అంతోని. "చిన్న అడుగులు!"

"నువ్వా నాకు చెప్పేది?" అని ముందునుంచి అరిచారాయన. అయినా చిన్న అడుగులే వేశారు. ఆయన గెడ మీద వంగినప్పుడల్లా అంతోని లివరు ఇంకాస్త తోసేవాడు, గెడ పైకి తీసేటప్పుడు పడవ జారకుండా నిలబెట్టేవాడు. ఒకరినొకరు చూసుకోవడం లేదు, అయినా ఇద్దరూ ఒకే పని చేస్తున్నారు. లాకు గోడ రాళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఒక రాయి వెనక్కి పోయింది. ఇంకొకటి. ఏడో రాయి పోయాక గోడకు కట్టిన గొలుసు మామగారి చేతికందింది. పైన లాకు మనిషి అప్పటికే తలుపు తిప్పుతున్నాడు.

మేము బెజవాడ చేరేసరికి మూడు దాటింది. ఆసుపత్రి మంచం రేవులోకే వచ్చింది. అయిదున్నరకి ఆపరేషను ముగించి డాక్టరమ్మగారు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, "ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు. ఇంకో గంట ఆలస్యమైతే ఈ మాట చెప్పేదాన్ని కాదు," అన్నారు. చౌడేశ్వరమ్మ ఆవిడ కాళ్ళ మీద పడబోయి, ఆవిడ తప్పుకుంటే నా కాళ్ళ మీద పడబోయి, నేనూ తప్పుకునేసరికి, మెట్ల మీద తడిబట్టల్లో కూర్చున్న మామగారి రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. ఆయన ఏం చెయ్యాలో తోచక, "అదంతా పంకా చలవమ్మా," అన్నారు.

నేను అంతోని కోసం చూశాను. ఆయన రేవులో మోటారు పైకెత్తి, పంకాకి చుట్టుకున్న నాచు లాగేస్తున్నాడు. నన్ను చూసి, "సోమవారం కంకిపాడు వైపు కదూ మనం పోవాల్సింది?" అన్నాడు.

అవునన్నాను.

"అయితే పెట్రోలు కూపన్లకి రేపే అర్జీ రాయాలి." అంతవరకే అన్నాడు. మద్రాసు మాట ఆ రోజూ ఎత్తలేదు, తర్వాతా ఎత్తలేదు.

*

పదిహేను రోజులకు తల్లినీ బిడ్డనీ సాలిపేటకు దించడానికి బయల్దేరాం. ముసురు తగ్గి, ఎండ కాచి, నాట్లు వేసిన పొలాలు రెండు వైపులా ఆకుపచ్చగా మెరుస్తున్నాయి. దిగువ ప్రయాణం, పెద్ద పనేమీ లేదు. సగం దూరం పోయాక మామగారు ముందునుంచి లేచి, మమ్మల్నందరినీ దాటుకుంటూ వెనక్కి వచ్చి నిలబడ్డారు.

"ఆ పిడి ఒకసారి ఇట్టా ఇవ్వు," అన్నారు కొడుకుతో.

అంతోని పక్కకి జరిగాడు. కుడికి పోవాలంటే పిడి ఎడమకి తొయ్యాలని చూపించాడు. ఆయనకు చెప్పాల్సిన పనేముంది, నలభై ఏళ్ళు చుక్కాని పట్టినవారు. లివరు ఎటు తోస్తే జోరో అదొక్కటే అడిగి తెలుసుకున్నారు. మొదట కాసేపు పాము మెడ పట్టుకున్నట్టు పట్టుకున్నారు. రెండు మలుపులు తిరిగేసరికి వీపు వెనక్కి వాల్చి, ఒక చేత్తో నడపడం మొదలుపెట్టారు. గట్టు మీద తెలిసిన పడవవాళ్ళు కనిపించినప్పుడల్లా అవసరం లేకపోయినా గొంతు సవరించుకునేవారు.

సాలిపేట రేవు కనిపించింది. ఊరు ఊరంతా గట్టు మీదే ఉంది. మగ్గాలు ఆపేసి వచ్చారు. ఎవరో డప్పు కూడా తెచ్చారు. చౌడేశ్వరమ్మ మనవరాలిని రెండు చేతులా పైకెత్తి చూపించింది. మేము రేవుకి ఎదురుగా వచ్చాం. రేవు మమ్మల్ని దాటి వెనక్కి పోయింది.

"అయ్యో, అదే మా రేవు! ఆపండి!" అని అరిచింది చౌడేశ్వరమ్మ.

గట్టు మీద జనం ఒక్క క్షణం నిలబడి, తర్వాత పడవతోపాటు పరుగెత్తడం మొదలుపెట్టారు. డప్పువాడు పరుగెత్తుతూనే వాయిస్తున్నాడు. శివపార్వతి నవ్వాపుకోలేక, కుట్లు నొప్పి పుట్టి, పొట్ట పట్టుకుంది.

"నాన్నా, ఆపు!" అన్నాడు అంతోని.

"ఆపేది నువ్వు చెప్పలేదుగా!" అన్నారు మామగారు. చెప్పమని మాత్రం అడగలేదు. కళ్ళు ముందుకే పెట్టుకుని, పిడి గట్టిగా పట్టుకుని కూర్చున్నారు.

అంతోని లివరు మీదికి చెయ్యి చాపాడు.

"ఉండనివ్వండి. ఆ మలుపు దాకా పోనివ్వండి," అన్నాను.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతూ నా పక్కన వచ్చి కూర్చున్నాడు.